డిజిటల్ బొమ్మల సాధన: కొన్ని సౌకర్యాలు ఆపేశాక

ఈ విడత కొత్త బ్రష్‌లేవీ దింపుకోలేదు. ఉన్నవాటిలోనే చాలావరకు కంటికి కనబడకుండా దాచేశాను. బొమ్మలు నేర్చుకునేవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే సౌకర్యాల్లో కొన్ని నిజంగా సాయం చేస్తాయి, కొన్ని మనకు రానిదాన్ని కప్పిపుచ్చుతాయి. ఏది ఏ రకమో తేల్చుకోవడమే ఈమధ్య నా పని. నేను వాడేది క్రిటా. ఉచితం, ఓపెన్ సోర్స్. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు మెనూల పేర్లు మారతాయేమో గానీ విషయం ఇదే.

ముందు ట్యాబ్లెట్ (పెన్నుతో గీసే పలక) సంగతి. నాది తెర లేని రకం: చూపు ల్యాప్‌టాప్ మీద, చెయ్యి బల్ల మీద. గీత వంకర పోతే అందరం చేతినే తిట్టుకుంటాం గానీ, మొదట చూడాల్సింది మ్యాపింగ్, అంటే పలక మీది ఏ చోటు తెర మీద ఎక్కడ పడుతుందన్న లెక్క. ట్యాబ్లెట్ మీద గీసే చోటు 16:10 నిష్పత్తిలో ఉండి తెర 16:9 అయితే, చేత్తో చక్కగా తిప్పిన సున్నా తెర మీద నిలువునా పదో వంతు నొక్కుకుపోయి వస్తుంది. ఎంత సాధన చేసినా అది గుండ్రంగా రాదు. డ్రైవర్ సెట్టింగ్స్‌లో నిష్పత్తిని తెరకు సరిపెట్టే ఆప్షన్ ఉంటుంది. అది పెడితే ట్యాబ్లెట్ అంచున సన్నటి పట్టీ ఒకటి వాడకుండా మిగిలిపోతుంది, పోతే పోనీ. ఇక పెట్టె మీద రాసే 8192 ప్రెషర్ లెవెల్స్ చూసి మురిసిపోవడం కన్నా, ఎంత నొక్కితే గీత ఎంత మారాలో చెప్పే ప్రెషర్ కర్వ్ సరిచేసుకోవడం మేలు. కర్వ్‌ని కొంచెం పైకి వంచితే తేలిగ్గా నొక్కినా మందపు గీత వస్తుంది. మణికట్టుకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఆపేసినవాటిలో మొదటిది అన్‌డూ. పూర్తిగా కాదు, చేతిని వేడెక్కించే సాధనలో మాత్రమే. కంట్రోల్ జెడ్ వేలికింద ఉన్నంతసేపు గీసే ముందు ఆలోచించం. గీసేస్తాం, నచ్చకపోతే చెరిపేస్తాం, బాగా వచ్చిన గీత లాటరీ తగిలినట్టు వస్తుంది. ఇప్పుడు ఒక లేయర్ (ఒకదానిమీద ఒకటి పరిచే పొర) మీద రెండు చుక్కలు పెట్టి, పెన్ను ఆనకుండా ఆ దారిలో చేతిని రెండుసార్లు ఊపి, ఒకే ఊపులో గీస్తున్నాను. తప్పితే తప్పింది, పక్కన ఇంకోటి. పొడుగు గీతకు మణికట్టు కాదు, భుజం కదలాలి. వణికే గీతను నున్నగా సరిచేసే స్టెబిలైజర్ కూడా అంతే: క్రిటాలో బ్రష్ టూల్ ఆప్షన్స్‌లో దాన్ని తీసేయొచ్చు, రకరకాల స్థాయిల్లో పెట్టుకోవచ్చు. సాధనకు తీసేస్తాను, చివరి గీతలకు పెట్టుకుంటాను. వణుకును అది దాస్తుంది, పోగొట్టదు.

రెండోది జూమ్. ముఖం గీస్తూ కంటిరెప్ప దగ్గరికి వెళ్లిపోతే రెప్ప అద్భుతంగా వస్తుంది, కన్ను మాత్రం చెవి వైపు జారి ఉంటుంది. మొత్తం బొమ్మ తెరలో పట్టేలా ఉంచే సగం పని పూర్తిచేయాలని పెట్టుకున్నాను. క్రిటాలో విండో మెనూలో న్యూ వ్యూ అని ఉంది. అదే బొమ్మను రెండో కిటికీలో చిన్నగా తెరిచి మూలన పెట్టుకుంటే, ఇక్కడ గీసేది అక్కడ గోరంత సైజులో కనిపిస్తూ ఉంటుంది. ఆ గోరంతలో అర్థం కాని బొమ్మ పెద్దదైనా అర్థం కాదు.

మూడోది ఒపాసిటీని (రంగు ఎంత చిక్కగా పడాలన్నదాన్ని) పెన్ను ఒత్తిడికి కట్టేసిన బ్రష్. మెత్తగా రాస్తూ పోతే అంతా పొగలా కలిసిపోయి, నున్నగా ఉంది కాబట్టి బాగుందనిపిస్తుంది. ఏ అంచు ఎక్కడ ఉండాలో నిర్ణయించనే లేదు! అందుకే ఇప్పుడు ఒత్తిడికి సైజు మాత్రమే మారే గట్టి గుండ్రటి బ్రష్ ఒక్కటే. పెట్టిన రంగు పెట్టినట్టే పడుతుంది, దాక్కునే చోటు ఉండదు.

అసలు కష్టం వాల్యూల దగ్గర. వాల్యూ అంటే రంగును పక్కన పెడితే అది ఎంత ముదురు, ఎంత లేత అన్న లెక్క. ఒక్క దీపం కింద గుడ్డు పెట్టి నలుపు, తెలుపు, బూడిదలతో వేయడం మొదలుపెట్టాను. ముందు రెండే రెండు: వెలుగు పడే భాగం ఒక బూడిద, నీడ భాగం ఇంకో బూడిద. ఒకే రంగు వస్తువు మీద, నీడలో ఎంత లేతగా ఉన్న చోటైనా వెలుగులోని అతి ముదురు చోటు కన్నా చీకటిగానే ఉండాలి. నీడ వైపు బల్ల మీద నుంచి తిరిగి వచ్చే వెలుగు కంటిని బాగా మోసం చేస్తుంది. చుట్టూ చీకటి కాబట్టి అది చాలా ప్రకాశంగా ఉన్నట్టు అనిపిస్తుంది, అలాగే వేసేస్తే గుడ్డు గాజుదైపోతుంది. రంగును పిక్ చేసి వెలుగు భాగంతో పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత ముదురో తెలుస్తుంది.

రంగుల్లోకి వచ్చాక ఇంకో చిక్కు. కలర్ పికర్‌లో ముదురు-లేత చూపించే గీటును నమ్మడానికి లేదు. స్వచ్ఛమైన పసుపు, స్వచ్ఛమైన నీలం రెండింటికీ పికర్‌లో వి (V) అనే ఆ గీటు విలువ 100 అనే చూపిస్తుంది. మన కంటికి మాత్రం పసుపు దాదాపు తెలుపంత లేత, నీలం బాగా ముదురు. కంటికి తోచే వెలుతురును 0 నుంచి 100 దాకా కొలిచే ల్యాబ్ (L*a*b*) లెక్కలో ఎస్ఆర్‌జీబీ (మామూలు తెరల రంగుల ప్రమాణం) పసుపు సుమారు 97, ఆకుపచ్చ 88, ఎరుపు 53, నీలం 32. తెర వెలుతురులో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 కావడమే కారణం. సూర్యాస్తమయం వేసేటప్పుడు నారింజ పక్కన ఊదా పెడితే ఊదా గొయ్యిలా లోపలికి దిగిపోవడం ఇందుకే.

కాబట్టి బొమ్మను మధ్యమధ్య నలుపు-తెలుపులో చూసుకోవాలి, సరైన పద్ధతిలో. రంగు తీసేసే డీశాచురేట్ ఫిల్టర్‌లో లైట్‌నెస్ పద్ధతి ఎంచుకుంటే ఆ పసుపు, నీలం రెండూ ఒకే బూడిదగా మారిపోతాయి. ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు. లూమినాసిటీ 709 అని ఉన్నదాన్ని ఎంచుకోవాలి. నేనైతే అన్నిటికీ పైన నలుపు నింపిన లేయర్ పెట్టి, దాని బ్లెండింగ్ మోడ్‌ను (కింది పొరలతో కలిసే తీరును) కలర్‌కి మార్చి, కన్ను గుర్తు నొక్కి చూపిస్తూ దాస్తూ ఉంటాను. ఆ లేయర్ మీదే రంగు వేయకుండా తాళం వేసుకోవాలి, ఇది ముఖ్యం.

నీడలకు మల్టిప్లై లేయర్ (కింది రంగును ముదురు చేసే పొర) వాడటం మానలేదు. కాకపోతే నలుపుతో కాదు. నలుపైతే కింది రంగు చచ్చిపోతుంది. వెచ్చటి దీపం వెలుగైతే చల్లటి బూడిద-నీలం తీసుకుంటాను. మల్టిప్లై మోడ్‌లో తెల్లటి చోటు నీడ రంగునే తీసుకుంటుంది కాబట్టి, ఆ రంగు సరిగ్గా ఉందో లేదో ముందు తెల్లటి వస్తువు మీద వేసి చూస్తే తెలిసిపోతుంది.

ఎప్పటికీ ఆపనివి కూడా ఉన్నాయి. ఎం కీ నొక్కితే క్యాన్వాస్ అద్దంలోలా తిరగబడుతుంది. అలవాటుపడిన కన్ను దాచేసిన వంకరలన్నీ ఆ క్షణంలో బయటపడతాయి, ముఖ్యంగా దవడ. ఆల్ఫా లాక్ ఇంకోటి: ఆకారం బయటికి రంగు పోదు, కాబట్టి లోపల ధైర్యంగా పెద్ద బ్రష్ తిప్పొచ్చు. కంట్రోల్ పట్టుకుని క్యాన్వాస్ మీద నుంచే రంగు పిక్ చేయడం, కీబోర్డు మీది ‘E’ కీతో అదే బ్రష్‌ను రబ్బరుగా మార్చడం చేతికి వచ్చేశాయి.

సైజు విషయానికొస్తే, ఏ4ను 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలతో) అచ్చు వేయాలంటే 2480 × 3508 పిక్సెల్స్ కావాలి. సాధనకు అంత అవసరం లేదు. అందులో సగం వెడల్పు, సగం ఎత్తు పెట్టుకుంటే ల్యాప్‌టాప్ ఆగి ఆగి నడవదు, పైగా జూమ్ చేసినా చెక్కడానికి పెద్దగా ఏమీ ఉండదు. దాచుకోవడానికి క్రిటా సొంత ఫైలు రకం కేఆర్ఏ, ఎవరికైనా పంపడానికి పీఎన్‌జీ.

వచ్చే విడత అంచులు. నేల మీద పడే నీడ వస్తువును ఆనుకున్న చోట పదునుగా ఉండి, దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది. దీపం ముందు పల్చటి గుడ్డ కట్టి, కట్టకుండా, అదే గుడ్డును రెండుసార్లు వేస్తాను. మెత్తటి బ్రష్‌ను అప్పుడు మళ్లీ బయటికి తీస్తాను, ఆ అంచుల వరకే.