లేక్ వన్‌కి నాలుగు గొడ్డళ్ళు

సెప్టెంబరు చివరి వారంలో మినియాపొలిస్ నుంచి బయల్దేరి, నాలుగు గంటలు కారు నడిపి ఈలీ చేరాం. మిన్నెసోటా ఉత్తరాన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న బౌండరీ వాటర్స్‌కి పడవల వాళ్ళు ఎక్కువగా ఈ ఊరి మీదుగానే వెళ్తారు. పది లక్షల ఎకరాలు దాటిన అడవి, వెయ్యికి పైగా సరస్సులు. లోపల తెడ్డు వేసుకుంటూ పోవాలి, నేల అడ్డొస్తే కనూ అనే సన్నటి పడవని నెత్తికెత్తుకుని నడవాలి. ఆ నడకని పోర్టేజ్ అంటారు, దూరాన్ని రాడ్లలో లెక్కపెడతారు. ఒక రాడ్ పదహారున్నర అడుగులు, అంటే ఇంచుమించు ఒక కనూ పొడవు. 320 రాడ్లయితే ఒక మైలు.

అందుకే ఇక్కడ ప్రతి వస్తువునీ భుజం మీదున్నప్పటి బరువుతో తూచాలి. గాజు సీసాలు, రేకు డబ్బాల్లో తిండి నిషేధం. ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. నలుగురికి ఒక్క గొడ్డలి చాలు. కానీ ఏది పనికొస్తుందో ఒకే కట్టె మీద చూద్దామని నాలుగు రకాలు పట్టుకెళ్ళాం. ఫిస్కార్స్ ఎక్స్7, ఎస్ట్‌వింగ్ స్పోర్ట్స్‌మన్స్ యాక్స్, స్వీడన్‌ గ్రాన్స్‌ఫోర్స్ వాళ్ళ స్మాల్ ఫారెస్ట్ యాక్స్, నాలుగోది మన ఊరి గొడ్డలి. లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టిచ్చిన తల అది. కామ లేకుండా చెకిన్ సామానులో వచ్చింది, ఇక్కడ యాష్ అనే చెట్టు కర్ర తొడిగాం. విమానంలో గొడ్డలి చేతిసంచిలో పనికిరాదు. చెకిన్‌లో పెట్టినా పదునుకి తొడుగు వేసి, దాన్ని గట్టిగా కట్టాలి.

గొడ్డలి కొనేముందు అందరూ బరువు, ధర చూస్తారు. అసలు చూడాల్సింది అక్కడ ఏ కట్టె నరకనిస్తారన్నది. ఇక్కడ పచ్చి చెట్టు ముట్టకూడదు, భోజపత్రం (బర్చ్) చెట్టు బెరడు ఒలవకూడదు, ఎండిపోయి నిలబడ్డ మానునీ కొట్టకూడదు. చచ్చి నేలమీద పడిన కట్టె మాత్రమే, అదీ గుడారానికి దూరంగా పడవలో వెళ్ళి ఏరుకురావాలి. అంటే చెట్టు కూల్చే పని లేనే లేదు. ముప్పై అంగుళాల కామతో, కిలోన్నర తలతో ఉండే కూల్చుడు గొడ్డలి ఇక్కడ ఉత్త మోత. మిగిలిన పని ఒక్కటే: మణికట్టు నుంచి మోచేతి లావు దాకా ఉన్న తడి కట్టెని చీల్చి లోపలి పొడి చెక్క బయటికి తీయడం.

లేక్ వన్ దగ్గర పడవలు దించి, రెండు చిన్న పోర్టేజీలు దాటి లేక్ టూ చేరాం. అక్కణ్ణుంచి లేక్ త్రీకి నీళ్ళలోనే దారి. 2011లో పగామీ క్రీక్ మంట ఈ ప్రాంతాన్నే కాల్చింది. మెరుపుతో ఆగస్టులో మొదలై తొంభై వేల ఎకరాలు దాటింది. మాడిన జాక్ పైన్ మోళ్ళు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి, వాటి కింద అదే జాతి పిల్ల చెట్లు దట్టంగా లేచాయి. జాక్ పైన్ కాయ వేడికి విచ్చుకుని గింజలు రాలుస్తుంది. ఇంత ఎండు మాను కళ్ళెదురుగా ఉండీ ముట్టకూడదు. కింద పడినవేమో నాచులో నాని ఉన్నాయి.

మొదటి సాయంత్రం సన్నగా వాన. పడిపోయిన భోజపత్రం చెట్టు చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ మోసం. దాని బెరడు నీళ్ళని లోపలికి రానివ్వదు, లోపలున్న తేమని బయటికీ పోనివ్వదు. అందుకని నేల మీదే లోపలంతా పుచ్చిపోతుంది. గొడ్డలి తలతో ఒక దెబ్బ వేసి చూడండి, బోలు చప్పుడొస్తే వదిలేయండి. సీడార్ దొరికితే అదృష్టం, పోగు తిన్నగా ఉండి ఒక్క దెబ్బకి పలకలా విడిపోతుంది. స్ప్రూస్‌లో ముడులెక్కువ, చీలిక ముడి దగ్గర పక్కకి తిరుగుతుంది. ముడి లేని ముక్కని ముందే ఏరుకుంటే సగం పని తగ్గినట్టే.

ఇక గొడ్డళ్ళు. ఎక్స్7 పొడవు 36 సెంటీమీటర్లు, బరువు 640 గ్రాముల దరిదాపు. బుగ్గలు, అంటే తల రెండు పక్కలూ, నున్నగా, పై పూతతో ఉండటంవల్ల తడి కట్టెలో ఇరుక్కోదు. మణికట్టు లావు సీడార్‌ని ఇంత సులువుగా మరేదీ చీల్చలేదు. కామ ప్లాస్టిక్, తల చుట్టూ పోత పోసిందే కాబట్టి ఊడదు, వదులవ్వదు. అయితే విరిగిందంటే కొత్త కామ వేయడం కుదరదు. దీని వెనకభాగంతో ఇనుప గూటాలు కొట్టకూడదు.

ఎస్ట్‌వింగ్ తల నుంచి పిడి దాకా ఒకే ఉక్కు, పట్టుకునే చోట తోలు బిళ్ళలు. ఇలినాయ్ రాక్‌ఫర్డ్‌లో తయారవుతుంది. కామ వదులయ్యే బాధ జన్మలో ఉండదు. గుడారం గూటాలు కొట్టడానికి నాలుగింటిలో ఇదే మేలు. లోపమల్లా ప్రతి దెబ్బ అదురూ చేతికి వస్తుంది. ఇరవై నిమిషాలు కొడితే అరచెయ్యి తిమ్మిరెక్కుతుంది. కొత్తదాని అంచు కాస్త మొద్దు వాలుగా ఉంటుంది. వాడేముందు ఆకురాయితో బుగ్గలు పలచబరిస్తే వేరే గొడ్డలే అనిపిస్తుంది.

గ్రాన్స్‌ఫోర్స్ ధర ఎక్స్7 కంటే చాలా ఎక్కువ. కామ దాదాపు 49 సెంటీమీటర్లు, మొత్తం బరువు కిలోకి కొంచెం లోపు. తల మీద దాన్ని కొట్టిన కమ్మరి పేరు పొడి అక్షరాలుంటాయి. రెండు చేతులా పట్టి మోచేతి లావు కట్టెని అడ్డంగా నరకడానికీ, ఒక చేత్తో తల దగ్గర పట్టి పుల్ల చెక్కడానికీ రెండిటికీ పనికొచ్చేది ఇదొక్కటే. డబ్బు పోస్తే వచ్చేది ముఖ్యంగా పలచని అంచు. పెట్టెలోంచి తీసిన రోజే పని చేస్తుంది, ఆకురాయి పట్టనక్కర్లేదు. వాళ్ళు ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ అనే కొలతలో 57 దగ్గర ఉంచుతారు. అంటే ఆకురాయి దానిమీద ఇంకా పడుతుంది, అంచు మాత్రం తొందరగా వంగదు.

మన ఊరి గొడ్డలి తల కిలో, కామ 70 సెంటీమీటర్లు. అడ్డంగా నరకడంలో మిగతా మూడూ దీని ముందు బొమ్మలే. ఎండిన తుమ్మని నరకడానికి పుట్టింది మరి. చీల్చడంలో మాత్రం తేలిపోయింది. రేకు పలచన, బుగ్గల్లో ఉబ్బు లేదు, కట్టెలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. పైగా ఉక్కుని గట్టిపరిచాక మళ్ళీ కాచేటప్పుడు గట్టిదనం ఎక్కువ దింపినట్టున్నారు, స్ప్రూస్ ముడి మీద అంచు మడత పడింది. మడత పడితే ఉక్కు మెత్తన, పెచ్చు ఊడితే మరీ గట్టిదో, అంచు మరీ పలచనో.

కర్ర కామ ఉన్న గొడ్డలిని అంగట్లో మూడు చూపులు చూడాలి. కామ చివర కనిపించే వలయాల గీతలు రేకుతో ఒకే దిశలో నడవాలి, అడ్డంగా ఉంటే బలం తక్కువ. పక్కనుంచి చూస్తే పోగు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగాలి. మధ్యలోనే అంచుకి తేలిపోతే సరిగ్గా అక్కడే విరుగుతుంది. తర్వాత పదునుని కంటికి ఎదురుగా పెట్టి కామ వెంట చూడండి, అంచు గీత కామ మధ్యగా పోవాలి.

రెండోరోజు మన గొడ్డలి తల కదలడం మొదలెట్టింది. కామ తొడిగేటప్పటికి యాష్ కర్ర సరిగ్గా ఆరలేదు, తర్వాత ఆరి లోపలికి తగ్గింది. రాత్రంతా నీళ్ళలో నానేస్తే బిగుస్తుందని మన వైపు అంటారు. బిగుస్తుంది, నిజమే. కానీ ఉబ్బిన పోగు ఇనుప బెజ్జంలో నలిగిపోతుంది, మళ్ళీ ఆరాక మునుపటికంటే వదులు. తల కిందికి వేలాడేట్టు పట్టుకుని కామ పై చివర కర్రతో కొట్టాం, తల తనంతట తనే పైకెక్కి బిగిసింది. ఆపైన సీడార్ చెక్కి, కామ బెజ్జంలో బిగిసేలా కొత్త చెక్కమేకు దిగ్గొట్టాం. ఊరెళ్ళేదాకా ఆగింది.

ప్రమాదం విషయంలో చాలామంది తిరగేసి అనుకుంటారు. పొట్టి గొడ్డలే ఎక్కువ ప్రమాదం. పొడుగు కామ గురి తప్పితే నేలకి తగులుతుంది, పొట్టిది అదే విసురుతో మోకాలికో ముంగాలికో వస్తుంది. కాబట్టి చిన్న గొడ్డలితో నిలబడి కొట్టకూడదు, మోకాళ్ళ మీద కూర్చోవాలి. కట్టె కింద లావాటి దుంగ ఉండాలి, దుంగ అవతలి అంచున కట్టె ఉంచాలి. సన్నపుల్లలకి విసురే అక్కర్లేదు. రేకుని పుల్ల చివర పొడవునా ఆనించి, రెండిటినీ కలిపి పట్టి ఎత్తి దుంగ మీద దించితే చీలిపోతుంది. ఇరుక్కుంటే కర్ర దుడ్డుతో తల వెనక కొట్టొచ్చు. సుత్తితో గానీ మరో గొడ్డలితో గానీ ఎప్పుడూ కొట్టొద్దు, ఉక్కు పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

దుంగ లేకుండా కొట్టడానికి ఇక్కడ ఇంకో ఇబ్బంది, నేల బెత్తెడే. కిందంతా రాతి పలక. మూడోరోజు ఎస్ట్‌వింగ్ జారి రాయిని తాకింది, అంచులో గోరు పట్టేంత నొక్కు. ఒక్క నొక్కునే రుద్దితే అంచు గుంట పడుతుంది, అంచంతా సమంగా వెనక్కి తేవాలి. తోలు గ్లవ్ వేసుకుని, ఒకే దిశలో ఆకురాయి తోస్తూ, ఒక్కో వైపు నలభై తోపుల దాకా పట్టింది. తర్వాత గుండ్రటి రెండు ముఖాల రాయితో, ముందు గరుకైన 120 గ్రిట్ వైపు, ఆపైన నున్నటి 280 వైపు, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాం. రాయి పట్టిన వేళ్ళు అంచుకి వెనకే ఉండాలి.

నాలుగు రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ పని చేసింది మాత్రం గొడ్డలి కాదు, బాకో లాప్లాండర్ మడత రంపం. 19 సెంటీమీటర్ల పళ్ళ రేకు, బరువు లెక్కలోకే రాదు. రంపంతో జానెడున్నర ముక్కలు కోసుకుని ఎక్స్7తో చీలిస్తే అరగంటలో రాత్రి వంటకీ, పొద్దుటి ఉప్మాకీ సరిపడా పుల్లలు. వేసవిలో వెళ్ళేవాళ్ళకి ఈ జోడీ చాలు. అక్టోబరు చలిలో పొద్దుపోయేదాకా మంట కావాలంటే ఎక్స్7 బదులు స్వీడన్‌ది పట్టుకెళ్ళండి. ఒక్కటే తీసుకెళ్ళాలంటే రంపమే.

ఈలీకి తిరిగొచ్చాక తొడుగులు తీసి చూస్తే గ్రాన్స్‌ఫోర్స్ బుగ్గ మీద గోధుమ రంగు మరక, తడిసిన తోలులో నాలుగు రోజులున్న ఫలితం. గొడ్డల్ని గుడ్డతో తుడిచి, తొడుగులు విడిగా ఆరబెట్టి, రేకులకీ కర్ర కామలకీ అవిసె నూనె పట్టించాం. ఆ నూనె గుడ్డని ఉండచుట్టి కారులో పడేయకండి. ఆరేటప్పుడు తనంతట తనే వేడెక్కి అంటుకుంటుంది, పరిచి ఆరేయాలి.