పర్లాకిమిడిలో అమ్మకానికి లేని పుంజు

పాతపట్నం నుంచి పర్లాకిమిడి వెళ్లడానికి ఆటోవాడు అడిగిన రేటు అన్యాయం. మహేంద్రతనయ దాటితే ఊరే కదా, షేర్ ఆటోలో పోయేదానికి, నా చేతిలో గంప చూసి మొత్తం ఆటో మాట్లాడుకోవాల్సిందే అన్నాడు. ఆ చిరాకులో రాజుగారి కోటవైపు కూడా వెళ్లలేదు. నేను వచ్చింది చిలకముక్కు కోళ్ల కోసం.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊరు అటు వెళ్లిపోయినా, బజారులో సగం మాటలు మన శ్రీకాకుళం మాటలే. కాశీనగర్ రోడ్డులో కోళ్లు పెంచే పెద్దాయన నన్ను చూడగానే "ఏటి బాబూ, టీ తాగినావా?" అని అడిగాడు. నేనేమో అప్పటికే దొడ్లో ఉన్న డేగ (ఎర్ర ఈకల) పుంజుని చూస్తున్నాను. నిటారు మెడ, వంపు తిరిగిన పొట్టి ముక్కు, నేలకి ఆనుతున్న తోక. అందాల పోటీలో పెడితే ఎవరైనా ఆగి చూస్తారు. ధర అడిగితే అమ్మనన్నాడు.

"దీన్ని కాదు బాబూ, దీని తోడబుట్టినవాటిని సూడు" అని పక్క గంప ఎత్తాడు. అందులో రెండు పిల్లలకి నెత్తిమీద ఒంటి జుట్టు, అంటే ఒకే వరస ఎర్ర కండ, రంపం పళ్లలా నిలబడి ఉంది. ఈ జాతికి ఉండాల్సింది మూడు వరసల బుడిపెల జుట్టు. తల్లికీ తండ్రికీ అదే ఉంది, అయినా ఒంటి జుట్టు పిల్లలు పుట్టాయంటే ఇద్దరిలోనూ ఆ లోపం దాగి ఉన్నట్టే. అలాంటి జంటకి పుట్టి పైకి చక్కగా కనిపించే పిల్లల్లో కూడా మూడింట రెండొంతులు దాన్ని మోస్తూనే ఉంటాయి. ఆ డేగ వాటిలో ఒకటి కావచ్చు.

తేల్చుకోవడానికి ఆయన ఒంటి జుట్టు పెట్టనొకదాన్ని కావాలనే ఉంచుకున్నాడు. పుంజుని దానికి జతచేస్తే, లోపం దాగి ఉన్నప్పుడు పిల్లల్లో దాదాపు సగం ఒంటి జుట్టుతో రావాలి. ఏడు పిల్లలూ బుడిపెల జుట్టుతోనే వస్తే నిశ్చింతగా ఉండొచ్చు, ఎందుకంటే లోపం ఉండి కూడా అలా జరిగే అవకాశం 128లో ఒకటే. మెండెల్ బఠాణీ మొక్కల్లో చూసిన సూత్రం జంతువులకీ వర్తిస్తుందని బ్రిటిష్ శాస్త్రవేత్త బేట్సన్ 1902లో చూపించింది కూడా ఈ కోడి జుట్లతోనే. ఈయన అదే లెక్కని తన దొడ్లో వేస్తున్నాడు. అది చూస్తుంటే నాకు చాలా సంతోషం వేసింది.

వంకర తోకకి ఇంత తేలిక లెక్క లేదన్నాడు. కోడి నిదానంగా నడిచేటప్పుడు వెనకనుంచి చూడాలి, తోక ఎప్పుడూ ఒకే పక్కకి ఒరిగితే దాన్ని జతకి వాడకూడదు, అంతే. రెక్క విప్పి బయటి ఈకలకీ లోపలి ఈకలకీ మధ్య సందు ఉందేమో చూడాలి. మా వైపు సంతలో రెక్క ముట్టుకోనివ్వరు, పైగా వేలకి వేలు చెబుతారు. రొమ్ము ఎముక మీద బొటనవేలు పోనిచ్చి వంకర ఉందేమో కూడా చూపించాడు, కానీ పిల్లలు లేతగా ఉన్నప్పుడే సన్నటి కర్రల మీద పడుకోబెట్టినా అది వంగుతుంది కాబట్టి వెంటనే రక్తాన్ని తప్పుపట్టొద్దన్నాడు.

కాలివేళ్ల సంగతి నాకు అన్నిటికంటే నచ్చింది. ఒకే ఇంక్యుబేటర్లో పొదిగిన వేరువేరు పెట్టల పిల్లలన్నిటికీ వేళ్లు వంకరగా ఉంటే వేడిని అనుమానించాలి, ఒక్క పెట్ట పిల్లలకే అలా ఉంటే ఆ పెట్టని. మరి ఏది ఎవరి పిల్లో తెలిసేదెలా? పుట్టినరోజే వేళ్ల మధ్య పొరకి చిన్న చిల్లు పెడతాడు, ఒక్కో జంటకి ఒక్కో చోట. ఆ గుర్తులన్నీ నోట్‌బుక్‌లో రాసి ఉన్నాయి. మా ఊళ్లో పెద్దపెద్ద పుంజులున్న వాళ్లని తల్లి ఏదని అడిగితే ఒక్కరూ చెప్పలేరు, గెలిచిన పుంజు పేరు మాత్రం చెబుతారు.

డేగ దొరకలేదు. దాని పరీక్ష పిల్లలు ఇంకా గుడ్లలోనే ఉన్నాయి. వేరే జంటకి పుట్టిన రెండు పెట్టల్ని తీసుకున్నాను. ధర నాకు ఎక్కువే, కానీ వాటి తోడబుట్టినవాటిని అన్నిటినీ బయటికి తీసి, లోపం ఉన్నదాన్ని కూడా చూపించి అమ్మే మనిషి దగ్గర బేరం ఆడాలనిపించలేదు.