పాత సెన్సస్ మీద కొత్త జిల్లా పేరు: నా అనుభవం

తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ప్రభుత్వ ప్రచురణల విభాగం సర్దే పని నిన్నటికి ఒక కొలిక్కి వచ్చింది. దుమ్ము దులపడం, యాక్సెషన్ రిజిస్టరుతో (వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే రిజిస్టరు) సరిచూడడం, తుప్పుపట్టిన పిన్నులు పీకి నూలుదారంతో కుట్టించడం ఓపిక ఉంటే జరిగిపోయే పనులే. రాకులు గోడకు జానెడు ఎడంగా పెట్టండి, ఈశాన్య రుతుపవనాల్లో చెమ్మ గోడలోంచే వస్తుంది. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేయనివ్వకండి. దాని జిగురు కాగితంలోకి దిగి పచ్చటి మరకవుతుంది, మళ్ళీ పోదు. జపనీస్ టిష్యూ అనే పలచటి కాగితం, గోధుమపిండి జిగురు చాలు.

తల దిమ్మెక్కింది జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల దగ్గర, అంటే ఒక్కో జిల్లా జనాభా లెక్కల పుస్తకాల దగ్గర.

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత పైనుంచి ఒక మాట వచ్చింది: మన జిల్లావన్నీ చిత్తూరు లోంచి తీసి తిరుపతి పేరు కింద పెట్టండి అని. కాగితం మీద ఇమ్మంటే ఇవ్వలేదు. మూడు వారాలు లేబుళ్ళు మార్చాం, కేటలాగులో పేర్లు మార్చాం. తీరా ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి 1951లో తిరుత్తణి జనాభా అడిగితే ఆ సంపుటం ఏ అరలో ఉందో మాకే తెలియలేదు. ఆ అమ్మాయి ముందు తల దించుకోవాల్సి వచ్చింది.

జిల్లా పేరు ఒకటే అయినా జిల్లా ఒకటి కాదు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటులో, మదనపల్లె, వాయల్పాడు కడపలో ఉండేవి. 1951 లెక్కల్లో తిరుత్తణి చిత్తూరులోనే ఉంది. సరిహద్దుల మార్పుతో 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రానికి పోయింది, అటునుంచి సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. కాబట్టి సత్యవేడు 1951 అంకెలు కావాలంటే చెంగల్పట్టు సంపుటం తీయాలి. ఇక గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి పాత లెక్కలు నెల్లూరులో వెతకాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1981 పట్టికను 1991 పట్టిక పక్కన పెట్టి అలాగే కూడితే తప్పు లెక్క వస్తుంది. ఇన్ని సరిహద్దుల మీద ఒకే కొత్త పేరు అంటిస్తే దారి మూసేసినట్టే.

సంపుటాల నంబర్లను నమ్ముకున్నా చిక్కే. 1951లో మనం మద్రాసు కింద మూడో వాల్యూము, 1961లో ఆంధ్రప్రదేశ్ రెండో వాల్యూము, 2011లో 29వ సిరీస్. నంబరు వరుసలో సర్దితే 1961 ముందు, 1951 వెనక వస్తాయి. ముందు సెన్సస్ సంవత్సరం, ఆ తర్వాత అప్పటి జిల్లా పేరు. మేము చివరికి ఈ వరుసే ఖాయం చేశాం. పుస్తకం మీద అచ్చయిన పేరు కంప్యూటర్ కేటలాగులో శీర్షిక గడి అయిన 245 ఫీల్డులో అలాగే ఉండాలి. ఈనాటి జిల్లా పేరును ప్రాంతాల పేర్లు రాసే 651లో అదనంగా చేర్చాలి. మార్చడం వేరు, చేర్చడం వేరు. ఆ తేడా తెలియనివాళ్ళు ఆదేశాలు ఇవ్వకూడదు.

ఇదే గొడవలో ఇంకో ప్రమాదం తృటిలో తప్పింది. 2011 చిత్తూరు హ్యాండ్‌బుక్కు రెండు భాగాలు: 12-ఎ గ్రామాల, పట్టణాల డైరెక్టరీ, 12-బి జనాభా సారాంశం. అట్ట చూస్తే ఒకేలా ఉంటాయి. డూప్లికేటు అని రాసి 12-బిని తీసివేత జాబితాలో చేర్చారు. పాతకాగితాల కొట్టుకు పోయే కట్టలోంచి వెనక్కి తెచ్చాం. తీసివేత జాబితా మీద సంతకం పెట్టేముందు ప్రతి పుస్తకం ముఖపత్రం తిప్పి చూడండి. అట్ట చూసి చేసిన జాబితాను ఒప్పుకోకండి.

జీవోల గురించి ఒక్క మాట. నంబరు ఒక్కటే రాసుకుంటే పనికిరాదు. ప్రతి శాఖకూ, ప్రతి ఏడూ నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి. నంబరు, జీవో రకం (ఎంఎస్సా, ఆర్టీయా), శాఖ, తేదీ, నాలుగూ ఉండాలి. దిగుమతి చేసుకున్న ఫైలు పేరులోనే ఇవన్నీ పెట్టుకోండి. 2021 ఆగస్టులో మన రాష్ట్రంలో జీవోలను వెబ్‌సైటులో పెట్టడం ఆపేశారు. అలాంటప్పుడు మనం దాచుకున్నవే చేతికందుతాయి.

ఇంకో సంగతి, ప్రభుత్వ ప్రచురణలు వాటంతట అవే వస్తాయని కూర్చోకండి. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రతులు వెళ్ళేది కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకు. విశ్వవిద్యాలయాలు ఆ జాబితాలో లేవు. ప్రచురించిన శాఖకు ఉత్తరం రాసి, నెలకోసారి గుర్తు చేసి తెప్పించుకోవాలి. ఉచితంగా వచ్చినదానికి బిల్లు ఉండదని రిజిస్టరులో ఎక్కించకుండా వదిలేస్తున్నారు. ధర గడిలో ఉచితం అని రాసి, పంపిన శాఖ, ఉత్తరం తేదీ చేర్చి ఎక్కించండి. ఎక్కని పుస్తకం పోయినా అడిగేవాళ్ళుండరు.

అంటించిన లేబుళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన దూదితో ఒక్కొక్కటీ ఊడదీశాం. చిత్తూరు 1951 సంపుటం తిరిగి తన చోటికి వచ్చింది. దాని పక్కన అట్టముక్క ఒకటి నిలబెట్టాం: "సత్యవేడు 1951 కోసం చెంగల్పట్టు సంపుటం, కింది అర, ఎడమవైపు చూడండి."