పాత ప్యాలెట్లతో పెరటి బెంచీ: కూర్చునే పలకల దాకా వచ్చింది

కాళ్లు నిలబడ్డాయి, కూర్చునే పలకలు బిగించేశాం. వీపు ఆనించుకునే భాగం, నూనె పట్టించడం మిగిలాయి. మా ఎనిమిదేళ్ల అమ్మాయితో కలిసి చేస్తున్న బెంచీ ఇది. పాత చెక్కతో పెట్టుకుంటే సగం పని రంపం పట్టకముందే ఉంటుంది: ఏరడం, మేకులు పీకడం, నునుపు చేయడం. ఆ సగమే పిల్లల చేతికి బాగా సరిపోతుంది. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

ముందు ఏరడం. ప్యాలెట్ అంటే సరుకు రవాణాలో కింద వేసే చెక్క పలకల చట్రం. దాని పక్కన కాల్చి వేసిన ముద్ర ఉంటుంది. దేశాలు దాటే చెక్క ప్యాకింగుకు ఐఎస్‌పీఎం 15 అనే ప్రమాణం ప్రకారం వేసే ముద్ర అది. హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు తగిలేలా కాచారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారని. దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టేయాలి. అయితే ఆ ప్యాలెట్ మీద తర్వాత ఏం ఒలికిందో ముద్ర చెప్పదు. జిడ్డు మరకలున్నవి, ఘాటు వాసన వచ్చేవి కూడా వద్దనుకున్నాం. ఒక్కో పలక దగ్గరా "అమ్మా, ఇది పాసా ఫెయిలా?" అని అడిగి, సుద్దముక్కతో మార్కు తనే వేసింది. కొన్ని పలకలను నాకంటే కఠినంగా ఫెయిల్ చేసింది, నేను అడ్డు చెప్పలేదు.

కాళ్లకు పాత ద్వారబంధం చెక్క వాడాం. గట్టిగా, బరువుగా ఉంది. అందులోనూ రంగు లేని ముక్కలే తీసుకున్నాం. పాతకాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, గీకితే ఆ దుమ్ము పిల్లలకు మరీ ప్రమాదం. రంగు మందంగా పేరుకున్నవి ఎంత మంచి చెక్కయినా ఈ పనికి పనికిరావు.

ప్యాలెట్ మేకులకు ఒంటినిండా మెలికలో రింగులో ఉంటాయి. గుణపంతో పెకలిస్తే మేకు రాకపోగా పలక చీలిపోతుంది. పలకకూ కింది దిమ్మెకూ మధ్య సందులోకి ఇనుము కోసే బ్లేడు దూర్చి మేకును తెగ్గోయడమే మేలు. ఈ పని నాది. పలకలో మిగిలిన ముక్కను వెనక నుంచి పంచ్ అనే సన్నమొన ఇనుప కడ్డీతో కొడితే తల పైకి లేస్తుంది. అక్కడి నుంచి పని తనది: మేకు తలను సుత్తి చీలికలో ఇరికించి, సుత్తి కింద చిన్న చెక్కముక్క పెట్టుకుని వెనక్కి వంచితే మేకు కిర్రుమంటూ వచ్చేస్తుంది. ఆ చప్పుడు కోసమే ఇంకో పలక, ఇంకో పలక అని అడిగింది. నేల మీద పడ్డ మేకులకు మా దగ్గర ఒక చిట్కా ఉంది. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి నేలంతా తిప్పాలి. మేకులు కవర్‌కు అంటుకుంటాయి. తర్వాత కవర్‌ను లోపలిది బయటికి తిరగేసి అయస్కాంతాన్ని లాగేస్తే మేకులన్నీ కవర్ లోపలే ఉండిపోతాయి. చేత్తో ఒక్కటీ ఏరక్కర్లేదు. బూట్లు, కళ్లద్దాలు మాత్రం ఇద్దరికీ తప్పనిసరి.

కొలతలకు టేపు తనకివ్వలేదు. ఒక సన్నటి కర్ర మీద పలక పొడవు, కాలి ఎత్తు, అడ్డపట్టీ పొడవు ఒక్కసారి గీసి పెట్టాం. ఇక ప్రతి ముక్క మీదా ఆ కర్ర పెట్టి గీత గీయడమే. అంకెలు లేవు కాబట్టి తప్పు చదవడమూ లేదు. నిజానికి నాక్కూడా ఇదే హాయిగా ఉంది.

బెంచీ పొడవు 1200 మిల్లీమీటర్లు, ప్యాలెట్ పలక పొడవే. పెద్దవాళ్లకు కూర్చునే ఎత్తు 43 నుంచి 45 సెంటీమీటర్లు సుఖం. అంత ఎత్తులో తన కాళ్లు గాల్లో వేలాడతాయి. అందుకని 40 దగ్గర ఆగి, ముందు కాళ్ల మధ్య నేలకు 15 సెంటీమీటర్ల ఎత్తున ఒక అడ్డపట్టీ వేశాం. తనకు పాదాలు ఆనించుకోను ఉంటుంది, బెంచీ పక్కలకు ఊగకుండానూ ఉంటుంది. పలకల మందం 22 మిల్లీమీటర్లే, ఆ చివర్న ఈ చివర్న మాత్రమే ఆధారముంటే మనిషి కూర్చోగానే వంగుతుంది. నడిమధ్య ఇంకో పట్టీ వేశాం. చట్రం మూలమట్టంగా ఉందో లేదో దారంతో చూసింది: ఒక మూల నుంచి ఎదురు మూలకు, మళ్లీ అటు నుంచి ఇటు. రెండు పొడవులూ సమానమైతేనే బోల్టులు బిగించాం.

పలకల మధ్య నీరు జారడానికి సందు కావాలి. అందుకు మామూలు పెన్సిలే కొలత. రెండు పలకల మధ్య పెన్సిల్ పడుకోబెట్టి, పలక దగ్గరికి నెట్టి, స్క్రూ బిగించాక పెన్సిల్ లాగేయాలి. సుమారు ఏడు మిల్లీమీటర్ల సందు వస్తుంది. 4 మిల్లీమీటర్ల స్క్రూకు ముందుగా 3 మిల్లీమీటర్ల రంధ్రం వేశాం. పలక చివర్లలో ఇది మానేస్తే చీలిక ఖాయం. కరెంటు డ్రిల్లు తనకివ్వలేదు, పిడి తిప్పే చేతి డ్రిల్లు ఇచ్చాను. ఎంత లోతు వెళ్లాలో బిట్టుకు టేపు చుట్టి గుర్తు పెట్టాం. స్క్రూ మరలకు కొవ్వొత్తి రుద్దితే తన చేతి బలానికే దిగుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఆరుబయట మామూలువి తుప్పు పట్టి చెక్కమీద నల్ల మరకలు దించుతాయి.

ఉప్పుకాగితం ముందు 80, తర్వాత 120 నంబరు. మూతికి మాస్కు. అంచుల పదును పోయేదాకా గుండ్రంగా రుద్దాలి. నునుపైందా లేదా అని చూడటానికి పాత నైలాన్ సాక్సు చేతికి తొడుక్కుని పలక మీద తిప్పుతుంది. ఎక్కడ దారం తగులుకుంటే అక్కడ మళ్లీ రుద్దుడు. అరచేత్తో చూసుకుంటే పేడు గుచ్చుకునేది.

ఇక వీపు భాగం: నిటారుకు 12 డిగ్రీలు వెనక్కి వాల్చి బిగిస్తాం. తర్వాత అవిసెనూనె. ముందు కాళ్ల అడుగులకు, ఎందుకంటే చెక్క కోసిన చివరల నుంచే నీళ్లు ఎక్కువగా తాగుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకూడదు, వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. ఒక్కొక్కటీ ఆరుబయట పరిచి ఆరబెట్టాలి. ఆ పని నాదే. మిగిలిన పొట్టి ముక్కలన్నీ తను పేర్చి పెట్టుకుంది. వాటితో స్టూలు కావాలట, బొమ్మ కూడా గీసిచ్చింది. మూడు కాళ్లే గీసింది, అదీ మంచిదే: ఎగుడుదిగుడు నేల మీద మూడు కాళ్లది కుదురుగా నిలుస్తుంది. ఆ కాళ్లకు ద్వారబంధం చెక్క చాలుతుందో లేదో ఆ కొలత కర్రతోనే చూడాలి.