ఒక్క జత వెంట్రుకల దగ్గర తేలిన పేరు

విశాఖ ఎం.వి.పి. కాలనీలో కుండీల్లో, గేట్ల పక్కన తెగ పెంచే ఫైకస్ బెంజమినా ఆకుల్లో ఉండే తామర పురుగు (థ్రిప్స్) పేరు తేల్చమని ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మా మేడమ్ చెప్పారు. లేత ఆకు నడి ఈనె వెంట చిక్కుడుకాయలా మూసుకుపోతుంది, అదే దాని గూడు. విప్పితే నల్లటి పెద్ద పురుగులు, లేతరంగు పిల్లలు, గుడ్లు అన్నీ ఒకే కాపురం.

ఆకులు కోస్తుంటే మాలి అడిగాడు, "మిరప తోటల్ని తినేసిన నల్ల తామర పురుగు ఇదేనా అమ్మా?" కాదు. అది థ్రిప్స్ పార్విస్పైనస్, ఆడదానికి గుడ్లు పెట్టడానికి రంపం లాంటి అవయవం ఉంటుంది. మన పురుగుకి పొట్ట చివర గొట్టం. అంటే ట్యూబులిఫెరా ఉపక్రమం, ఫ్లియోథ్రిపిడే కుటుంబం. అంతవరకూ చేతి లెన్సుతోనే చెప్పొచ్చు.

అసలు తంటా స్లైడు. పురుగుని పలుచని సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి లోపలి సరుకు కరిగించాలి, ఒక్కో మెట్టూ గాఢత పెంచుతూ ఆల్కహాల్‌లో నీరు తీసేయాలి, తర్వాత లవంగ నూనె, చివరికి కెనడా బాల్సమ్ అనే జిగురు. విశాఖ ఉక్కలో ఆల్కహాల్ సీసా మూత తీసి ఉంచితే తేమ లాగేసుకుంటుంది, స్లైడు మసకేస్తుంది. మా సీనియర్ అక్క మూత దగ్గర కాపలా కాసేది. ఇంకో సంగతి, గూట్లో దొరికినవన్నీ గూడు కట్టినవి కావు. ముందుకాళ్లు లావుగా ఉన్న ఆండ్రోథ్రిప్స్ అనే ఇంకో తామర పురుగు కూడా ఉండొచ్చు, అది ఇంటివాళ్లనే తినే రకం.

గైనైకోథ్రిప్స్ అనే ప్రజాతి దాకా వచ్చాక రెండు పేర్లు మిగిలాయి, ఉజెలీ, ఫైకోరమ్. తేడా తల వెనకున్న పలక, అంటే ప్రోనోటమ్, వెనక మూలల్లోని ఒక జత వెంట్రుకల్లో ఉంది. ఉజెలీలో పొడుగు, ఫైకోరమ్‌లో పొట్టి. ఉజెలీ బెంజమినా మీద, ఫైకోరమ్ ఫైకస్ మైక్రోకార్పా మీద గూళ్లు కడతాయి కాబట్టి మొక్కని చూసి పేరు రాసేయొచ్చు కదా అన్నాను. రెక్కలున్న పురుగు పక్క చెట్టు మీద వాలదా అన్నారు మేడమ్. నాకూ సబబే అనిపించింది.

అందుకే మైక్రోకార్పా కంచె నుంచి తెచ్చిన పురుగుకీ స్లైడు చేసి రెండూ పక్కపక్కన పెట్టాం. పొడుగు వెంట్రుకలు బెంజమినా దానివే. దాని లేబుల్ మీద గైనైకోథ్రిప్స్ ఉజెలీ అని రాశాం. రెండో దాని మీద ఫైకోరమ్ పక్కన మార్షల్, 1908 అని బ్రాకెట్లలో. అల్జీరియా పురుగులకి పేరు పెట్టినప్పుడు ఆయన దాన్ని ఫ్లియోథ్రిప్స్‌లో చేర్చాడు, ప్రజాతి తర్వాత మారింది, బ్రాకెట్లు అందుకే. ఆ బ్రాకెట్లు లేకపోతే మేడమ్ లేబుల్ తిప్పి పంపే రకం.