దోహా టీవీ, దుబాయి టీవీ

సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్ట్ 2017 జూన్ 5న ఖతార్‌తో సంబంధాలు తెంచుకునేనాటికి నేను దోహాలో ఒక పెద్ద భవనానికి ఏసీల నిర్వహణ చూసే బృందంలో ఉన్నాను. మా బావ దుబాయిలో లారీ డ్రైవరు. దేవరకొండ దగ్గర ఊళ్లో ఉన్న మా అమ్మకు ఇద్దరమూ ఫోన్ చేశాం గాని, మేం చెప్పిన సంగతులకు ఎక్కడా పొంతన లేదు. ఖతార్‌లో తినడానికి తిండి దొరకడం లేదని బావ క్యాంపులో టీవీ చూసినవాళ్లు చెప్పుకుంటున్నారు. ఇక్కడ ఏమీ కాలేదని దోహా టీవీ అంటోంది. నిజం ఈ రెండింటికీ మధ్య ఉంది. సౌదీ సరిహద్దు మూసిన రోజు దుకాణాల్లో పాలు, కోడిమాంసం అరలు ఖాళీ అయిన మాట వాస్తవమే, కొద్ది రోజుల్లో టర్కీ పాలు వచ్చి చేరిన మాటా వాస్తవమే.

ఖతార్ పట్ల సానుభూతి చూపుతూ సామాజిక మాధ్యమాల్లో రాసినా మూడు నుంచి పదిహేనేళ్ల జైలు, కనీసం 5 లక్షల దిర్హామ్‌ల జరిమానా తప్పవని ఆ వారంలోనే యూఏఈ అటార్నీ జనరల్ ప్రకటించారు. ఆ తర్వాత నేను వార్తల ఊసెత్తితే చాలు, "బామ్మర్దీ, ఆ ముచ్చట ఫోన్ల వద్దు, అమ్మ సంగతి చెప్పు" అని బావ మాట మార్చేవాడు.

ఈ గొడవకు నిప్పు అంటుకున్నది కూడా ఒక ప్రభుత్వ వార్తాసంస్థలోనే. అంతకు రెండు వారాల ముందు, మే 24న, ఖతార్ న్యూస్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఆ దేశ పాలకుడు (అమీర్) షేక్ తమీమ్ అన్నట్టుగా కొన్ని మాటలు కనిపించాయి. సైట్‌ను హ్యాక్ చేశారని, అమీర్ ఆ మాటలు అననేలేదని ఖతార్ ప్రభుత్వం వెంటనే ఖండించినా సౌదీ, యూఏఈ చానళ్లు వాటిని ప్రసారం చేస్తూనే పోయాయి. నాకు ఇందులో హ్యాకింగ్ కన్నా ఎంచుకున్న చోటే ముఖ్యమనిపిస్తుంది: ప్రభుత్వ ఏజెన్సీలో వచ్చింది పాలకుడి నోటి మాటేనని అక్కడ అందరూ నమ్ముతారు కనుక, పాలకుడి నోట్లో మాటలు పెట్టదలచినవాడికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఖతార్ వార్తా చానల్ అల్ జజీరా సంగతి ఇంత సూటిగా తేలదు. 1996లో అప్పటి అమీర్ ఇచ్చిన సొమ్ముతో అది మొదలైంది. అదే ఏడాది మూతపడిన బీబీసీ అరబిక్ టీవీ ఉద్యోగులు చాలామంది అందులో చేరారు. ఇతర అరబ్ దేశాల ప్రతిపక్షాలను తెరమీద కూర్చోబెట్టి, పాలకులను నిలదీసే చర్చలు నడిపింది. దిగ్బంధం ఎత్తివేయడానికి నాలుగు దేశాలు పెట్టిన 13 షరతుల్లో ఈ చానల్‌ను మూసేయాలన్నది ఒకటి కావడానికి కారణం అదే. కాని చానల్ అధ్యక్షుడు పాలక వంశీయుడే. దాని ఇంగ్లీషు విభాగం మా వంటి కార్మికుల కష్టాలను అప్పుడప్పుడూ చూపిన మాట నిజమే అయినా, ఖతార్ పాలక కుటుంబాన్ని నిలదీసిన చర్చను మాత్రం నేనక్కడ ఉన్నన్నాళ్లూ చూడలేదు. కార్మికుల వసతులను చిత్రీకరించబోయిన బీబీసీ బృందాన్ని 2015లో దోహాలోనే నిర్బంధించారు. పొరుగింటి లొసుగులు చెప్పే స్వేచ్ఛ వేరు, సొంతింటివి చెప్పే స్వేచ్ఛ వేరు.

2021 జనవరి 5న సౌదీలోని అల్ ఉలాలో రాజీ కుదిరింది. సౌదీ యువరాజు, ఖతార్ అమీర్ విమానాశ్రయంలో ఆలింగనం చేసుకున్న దృశ్యాన్ని చానళ్లన్నీ చూపాయి. మూడున్నరేళ్లుగా సాగిన తిట్ల దండకానికి ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు.

తర్వాత ఇద్దరం సెలవుకు ఊరొచ్చినప్పుడు, మరి మన దూరదర్శన్ ఎవరి చేతిలో ఉన్నట్టని బావ అడిగాడు. మా పాలమూరు పల్లెలకు టీవీ మొదట వచ్చింది ఎమర్జెన్సీ నాళ్లలోనే. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ద్వారా దాదాపు 2,400 గ్రామాలకు నడిపిన 'సైట్' అనే ఉపగ్రహ బోధన టీవీ ప్రయోగంలో మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. సేద్యం, ఆరోగ్యం గురించి మంచి పాఠాలే చెప్పారు, కాని ఆనాటి వార్తల్లో ప్రభుత్వానికి ఎదురు మాట వినిపించే వీలు లేదు.

ఆ అనుభవం తర్వాతే స్వయంప్రతిపత్తి గల సంస్థ కోసం ఒత్తిడి పెరిగింది. దూరదర్శన్, ఆకాశవాణిలను నడిపే సంస్థకు సంబంధించిన ప్రసార భారతి చట్టం 1990లో పి. ఉపేంద్ర సమాచార మంత్రిగా ఉన్నప్పుడు ఆమోదం పొంది ఏడేళ్లు మూలపడింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని జస్టిస్ జీవన్ రెడ్డి ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం 1995లో చెప్పింది. కల్వకుర్తి నుంచి శాసనసభకు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచిన జైపాల్ రెడ్డి సమాచార మంత్రి అయ్యాక 1997లో చట్టం అమల్లోకి వచ్చింది. ముగ్గురూ తెలుగువారే కావడం నాకు కొంత గర్వం, గర్వంతో పని జరగకపోయినా. చట్టం ప్రకారం బోర్డు సభ్యుల పేర్లను రాజ్యసభ అధ్యక్షుడు, ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు ఉన్న కమిటీ సిఫారసు చేస్తుంది. అంతవరకు బాగుంది. ఉద్యోగుల జీతాలు మాత్రం నేటికీ కేంద్ర బడ్జెట్ గ్రాంటు మీదే ఆధారపడి ఉన్నాయి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి ఏది ప్రసారం చేయాలో, ఏది చేయకూడదో ఆదేశించే అధికారాన్ని 23వ సెక్షన్ కేంద్రానికే ఉంచింది. అమీర్ సొమ్మయినా, మంత్రిత్వ శాఖ గ్రాంటయినా, ముందు పద్దు ఎవరు రాస్తారో చూడమని బావకు చెప్పాను. దోహాలో ఆ పద్దు గురించి పార్లమెంటులో అడిగేవాడు లేడు, ఇక్కడ ఉన్నాడు. అడిగితే లిఖితపూర్వకంగా జవాబు కూడా వస్తుంది.