పుల్లటి పిండి

10 జులై 2024, బుధవారం, హ్యూస్టన్

తుపానుకు కరెంటు పోయి ఇది మూడో రోజు. పొద్దున్నే ఫ్రిజ్ ఖాళీ చేశాను. ఆదివారం రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండి మూతను తోసుకుని పొంగి, కింది అరలోని కొత్తిమీర మీదికి కారింది. పాలు, పెరుగు, కూరలు అన్నీ చెత్త సంచిలోకి వెళ్ళాయి. పిండిని మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. గ్యాస్ పొయ్యి పనిచేస్తోంది కదా అని ఒక వాయి వేసి చూశాను.

తొందరపడి మూత తీయగానే ఆవిరి తగిలి రెండు వేళ్ళు కాలాయి. అదే వేడినీళ్ళైతే ఇంత మంట పుట్టేది కాదు. ఆవిరి నీరయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడినంతా వదిలేస్తుంది. తుపానుకు బలం వచ్చేదీ అక్కడినుంచే. వెచ్చటి సముద్రం మీద ఆవిరి పైకి లేచి, మేఘమై, వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది, ఖాళీ అయిన చోటికి చుట్టుపక్కల గాలి పరుగెత్తుతుంది, భూభ్రమణం దాన్ని సుడి తిప్పుతుంది. ఈసారి అట్లాంటిక్ జూన్‌లోనే సెప్టెంబరులా వేడెక్కి ఉంది. ఆఫ్రికా వైపునుంచి వచ్చిన మేఘాల గుంపు 28న వాయుగుండమై, రెండు రోజులు తిరక్కుండానే నాలుగో కేటగిరీ హరికేన్ అయింది (మొత్తం ఐదే కేటగిరీలు). జూన్‌లో ఆ స్థాయికి చేరిన అట్లాంటిక్ తుపాను రికార్డుల్లో మరొకటి లేదు. పేరు చూస్తే బెరిల్, ఏదో రత్నం పేరు!

జులై 1న అది కరీబియన్ దేశం గ్రెనడాకు చెందిన కారియకూ దీవిని గంటకు 240 కిలోమీటర్ల గాలితో తాకింది. అరగంటలో దీవి నేలమట్టమైందని ఆ దేశ ప్రధాని చెప్పారు. పక్కనున్న యూనియన్ ఐలండ్‌లో పైకప్పు మిగిలిన ఇల్లు దొరకడమే కష్టం. ఆ తర్వాత జమైకా, మెక్సికో. సోమవారం తెల్లవారకముందు ఇక్కడి టెక్సస్ తీరంలోని మాటగోర్డా దగ్గర తీరం దాటేసరికి మొదటి కేటగిరీకి తగ్గింది. ఆ తగ్గిన గాలికే ఇక్కడ 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మాకు మాత్రం కంచె పలకలు నాలుగు ఊడాయి, పక్కింటి ఓక్ కొమ్మ తీగల మీద పడింది. అంతే. అంతేనని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రాత్రి స్నానాల గదిలో దుప్పటి పరుచుకుని కూర్చున్నది నేనే. గాలి ఆ రోజే పోయింది, ఉక్క పోవడం లేదు. గోడలు కూడా చెమట పడుతున్నట్టున్నాయి.

కారులో ఫోను ఛార్జి పెట్టుకుంటూ అమ్మతో మాట్లాడాను. అమ్మది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి పదకొండేళ్ళు. ఆ రోజు గురించి ఆవిడ ఎప్పుడూ రెండు మాటలకు మించి చెప్పదు. తాడిచెట్టు మొవ్వులో గడ్డి చిక్కుకుని ఉందట, నీళ్ళు అంత ఎత్తుకు వచ్చాయన్నమాట. ఈరోజూ అదే చెప్పి, "కరెంటు ఎప్పుడొస్తుందట?" అని అడిగింది. తెలియదన్నాను. నా ఫిర్యాదుల జాబితా ఎందుకో ముందుకు సాగలేదు. మాట మార్చడానికి పిండి సంగతి ఎత్తాను.

"పుల్లబడితే పారేస్తారటే? ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి, కాస్త బియ్యప్పిండి కలిపి పునుగులు వేసెయ్యి. పక్కింటివాళ్ళకీ పెట్టు."

ఈ ఉక్కలో నూనె మూకుడు ముందు నిలబడాలా! టార్చి నోట కరుచుకుని ఉల్లిపాయలు తరిగాను.